గడ్డిచామంతి పసరు మధుమేహం ఉన్నవారి గాయానికి వాడవచ్చా?

మా అమ్మగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా మధుమేహం ఉంది. గడ్డి కోస్తుండగా కొడవలి తగిలి పిక్క మీద చర్మం చీరుకుపోయింది. ఆసుపత్రిలో గాయం శుభ్రం చేసి, ధనుర్వాతం సూది వేసి కట్టు కట్టారు. అయితే ఆవిడ, చిన్ననాటి నుంచి అలవాటైన ప్రకారం, గడ్డిచామంతి ఆకును అరచేతిలో నలిపి ఆ పచ్చని పసరును నేరుగా గాయంలో పిండుకుంటానని పట్టుబడుతున్నారు.

ఈ ఆకు రక్తం కడుతుందని పల్లెల్లో తరతరాలుగా నమ్మకం. ఎలుకల మీద జరిగిన కొన్ని ప్రయోగాలలో గాయం మానడానికి తోడ్పడినట్లు కూడా చదివాను. కానీ గట్టు మీది ఆకుకు అంటిన మట్టి, పురుగుమందు, అసలే నెమ్మదిగా మానే గాయంలోకి చేరితే చీము పడుతుందేమోనన్నదే నా భయం. పైగా అక్కడే పెరిగే వయ్యారిభామ ఆకు పొరపాటున కలిస్తే ఒళ్లు దురదలతో దద్దుర్లు తేలవచ్చు.

ఆయుర్వేద వైద్యులు గానీ, మధుమేహుల గాయాలకు చికిత్స చేసే డాక్టర్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి. పచ్చిపుండు మీద పసరు పూర్తిగా మానేయాలా, లేక పైచర్మం మూసుకున్నాక చుట్టూ రాసుకోవచ్చా? ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా నచ్చజెప్పాలి?