చుక్కమ్మ అరికాలిలో నల్ల పెచ్చు: ఇంట్లోనే తీయవచ్చా?

సింగ్‌నగర్ పెరడు (ప్రశ్న):

మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి పెరట్లో ఐదు కోళ్ళు తిరుగుతాయి: ఒక పుంజు, రెండు నాటు పెట్టలు, వనరాజా అనే మెరుగుపరచిన జాతి పెట్టలు రెండు. పెద్ద వనరాజా పెట్టకు మెడ మీద తెల్ల మచ్చ ఉంటుంది. అందుకే మా అమ్మాయి దానికి చుక్కమ్మ అని పేరు పెట్టింది. మూడు కిలోల పైనే తూగుతుంది.

పది రోజులుగా అది ఎడమ కాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదు. నూకలు చల్లితే అందరికంటే ముందు పరుగెత్తి వచ్చే పెట్ట ఇప్పుడు గోడ పక్కన కూర్చుని చూస్తోంది. నిన్న ఒడిలో పెట్టుకుని కాలు తిప్పి చూశాను. అరికాలి మధ్యలో మినపగింజంత నల్ల పెచ్చు, దాని చుట్టూ గట్టి వాపు ఉన్నాయి. తాకితే రెండో కాలికంటే వేడిగా ఉంది. అంతకుముందు దాదాపు రోజూ గుడ్డు పెట్టేది, ఈ వారంలో రెండే పెట్టింది.

పక్కింటి పెద్దావిడ చూసి ఇది ఆనె అనీ, కొత్త బ్లేడుతో చెక్కేసి పసుపు పెడితే సరిపోతుందనీ చెప్పారు. బ్లేడు తెచ్చుకున్నాను కానీ చేయి ఆడలేదు.

పెరటి సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి వచ్చింది. కోళ్ళను గంపలో పెట్టి మేడ మీదికి చేర్చి కాపాడుకున్నాం. నీళ్ళు తీశాక, మళ్ళీ అలా జరగకూడదని పెరడు మెరక చేశాం. కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ట్రాక్టరుతో తోలించి, పైన మట్టి పరిచాం. రెండు వానలకే పై మట్టి కొట్టుకుపోయింది. ఇప్పుడు ఎక్కడ చూసినా టైల్సు ముక్కలు, మేకులు కనిపిస్తున్నాయి. నేను చేసిన ఈ పని వల్లే చుక్కమ్మకు ఇలా అయిందేమోనని బాధగా ఉంది. ఏం చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.


తెనాలి రైతు:

వేపనూనెలో పసుపు కలిపి రాసి, గుడ్డ కట్టండి. పెరట్లో సున్నం చల్లండి, క్రిములు చస్తాయి. మా ఇంట్లో తరతరాలుగా చేసేది ఇదే.


గుంటూరు కోళ్ళ తాతయ్య:

తెనాలి సోదరా, ఒక్క మాట. సున్నం పొడి నేల మీద పలుచగా చల్లి, నాలుగు రోజులు కోళ్ళను దూరంగా ఉంచితే ఫరవాలేదు. వానాకాలంలో తడి నేల మీద చల్లి వెంటనే కోళ్ళను వదిలితే మాత్రం వాటి కాళ్ళు కాలతాయి. పుండు ఉన్న కాలికి ఆ మంట ఎలా ఉంటుందో ఆలోచించండి. వరద తరువాత వీధుల్లో చల్లే బ్లీచింగ్ పొడితోనూ ఇదే ఇబ్బంది.

అమ్మా, బ్లేడు పక్కన పెట్టండి. మీ చేయి ఆడకపోవడమే మంచిదైంది. చాలా ఏళ్ళ కిందట నా దగ్గర ఒక డేగ పుంజు ఉండేది. దాని కాలికి ఇలాంటి పెచ్చే వస్తే నేనే కోసి, చీము వస్తుందని రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాను. రక్తం తప్ప ఏమీ రాలేదు. వారం తిరగకుండా వాపు కీలు దాకా పాకింది. తరువాత అది లేవలేదు. దాన్ని పెరట్లో వేపచెట్టు కింద పూడ్చాను. ఇప్పటికీ ఆ చెట్టు దాటుతున్నప్పుడు గుర్తొస్తుంది.

మీరు చెప్పనిది ఒకటి అడుగుతాను. చుక్కమ్మ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? తెల్లవారి ఎక్కడి నుంచి, దేని మీదికి దూకుతుంది?


సింగ్‌నగర్ పెరడు:

తాతయ్యగారూ, గూడు ఉంది కానీ అందులో పడుకోదు. వరదలో మేడ మీద గడిపిన రోజుల నుంచి మెట్ల పక్కన పిట్టగోడ ఎక్కి పడుకోవడం అలవాటైంది. అది నా ఎత్తు ఉంటుంది, అంటే అయిదడుగుల పైమాటే. కింద సిమెంటు గచ్చు. పొద్దున్నే ధబ్బుమని దూకుతుంది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది.


గుంటూరు కోళ్ళ తాతయ్య:

నేను అనుకున్నది అదే అమ్మా. టైల్సు ముక్క గీరి ఉండవచ్చు, కాదనను. కానీ మూడు కిలోల పెట్ట రోజూ అయిదడుగుల నుంచి గచ్చు మీదికి దూకితే అరికాలి తోలు లోపల నలుగుతుంది. పైన చిన్న గీత పడితే చాలు, క్రిమి లోపలికి పోతుంది. నాటు పెట్ట తేలిక కాబట్టి రెక్కలు కొట్టుకుంటూ దిగుతుంది. వనరాజా బరువు పక్షి, రాయిలా పడుతుంది. మీ ఇంట్లో ఇది వనరాజాకే రావడం అందుకే. రెండో వనరాజా కాళ్ళు కూడా ఈ రోజే తిప్పి చూడండి.

ఇక పెరటి పని. పాత స్పీకరులోని అయస్కాంతం తీసి తాడుకు కట్టి నేల మీద ఈడ్వండి. మేకులు, తీగ ముక్కలు దానికే అతుక్కుంటాయి. గాజు, టైల్సు పెంకులు అయస్కాంతానికి అంటవు కాబట్టి పలుగుగొర్రుతో లాగి ఏరాలి. అంచుల్లో పల్లేరు తీగ ఉంటే కాయలు రాలకముందే వేళ్ళతో సహా పీకండి. సంక్రాంతి తరువాత చెట్ల కింద పడిన గాలిపటం దారం వెతకండి. అది వేళ్ళకు చుట్టుకుంటే వేలు నల్లబడి రాలిపోతుంది. నా దగ్గర ఒక పెట్ట అలాగే వేలు పోగొట్టుకుంది. ఇంట్లో తల దువ్వుకున్న వెంట్రుకలు పెరట్లో వేయవద్దని నేను పోరేది కూడా అందుకే.

మా గుంటూరు వైపు నల్లరేగడి మరో తలనొప్పి. తడిలో తిరిగిన కోడిపిల్లల వేళ్ళకు బంక ముద్దలుగా పట్టి, ఎండాక రాయిలా బిగుసుకుంటుంది. దాన్ని లాగితే గోరు ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెల్లగా కరిగించాలి. మీరు మెరక కోసం మళ్ళీ మట్టి తోలిస్తే ఇసుక ఎక్కువ ఉన్నది తెప్పించండి.

పడుకునే చోటికి రెండంగుళాల వెడల్పు కర్ర తెచ్చి, అంచులు గుండ్రంగా చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, నేలకు అడుగున్నర ఎత్తులో కట్టండి. వెదురు అయితే కణుపులు నున్నగా చేయాలి. ఇనుప గొట్టం వద్దు. కింద మూడు నాలుగు అంగుళాల మందాన ఊక పోసి, తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసేయండి. రెట్టతో తడిసిన ఊక మీద నిలబడిన కాలు మెత్తబడి తొందరగా చిట్లుతుంది. మొదటి వారం రోజులు చీకటి పడగానే మీరే ఎత్తుకెళ్ళి కర్ర మీద కూర్చోబెట్టాలి. కోడికి పడుకునే చోటు మార్చడం ఓపికతో కూడిన పని.


గన్నవరం పశువైద్య విద్యార్థి:

నమస్కారం. నేను గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. తాతయ్యగారు నొక్కినా చీము రాకపోవడానికి కారణం ఉంది. పక్షుల్లో చీము మనుషుల్లోలా కారదు, గట్టిపడి జున్నుముక్కలా లోపలే ఉండిపోతుంది. నొక్కితే బయటికి రాదు సరికదా, లోతుకు పోతుంది. అరికాలికి వచ్చే ఈ జబ్బును బంబుల్‌ఫుట్ అంటారు. ఎక్కువగా కారణమయ్యేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. అది మనుషులకూ సోకుతుంది కాబట్టి చేతికి తొడుగు లేకుండా ఆ కాలు ముట్టుకోవద్దు.

ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా ఇవి చేయండి. గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి, కాలిని పదిహేను నిమిషాలు ఉంచి, పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. పోవిడోన్ అయోడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి అద్దండి. గాజుగుడ్డ పెట్టి వదులుగా కట్టి, రోజూ మార్చండి. కట్టు కింద వేళ్ళు చల్లబడినా, ఉబ్బినా వెంటనే విప్పండి. అప్పటిదాకా పొడి గోనెసంచి పరిచిన గదిలో విడిగా ఉంచండి. కాలు వేడిగా ఉండి కుంటుతోంది కాబట్టి మీ పెట్టను ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు నీళ్ళలో కలిపి పెట్టవద్దు. యాంటీబయాటిక్ ఇస్తే, వైద్యుడు చెప్పిన రోజులదాకా ఆ గుడ్లు తినకూడదు.

మేత కూడా అడగాలి. నూకలే పెడుతుంటే విటమిన్ ఎ తక్కువై కాలి తోలు బలహీనపడుతుంది. మునగాకు, తోటకూర సన్నగా తరిగి వేయండి. ఇంకో విషయం: కాళ్ళ మీది పొలుసులు పైకి లేచి తెల్లటి పొట్టులా కనిపిస్తే అది వేరే జబ్బు, పొలుసుల కింద దూరే సూక్ష్మమైన పురుగు (మైట్) వల్ల వస్తుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుని ఒకే మందు రాస్తారు.


సింగ్‌నగర్ పెరడు:

మూడు వారాలయింది. ఎలా ఉందో చెప్పాలని వచ్చాను.

మర్నాడే గంపలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు మత్తు మందు ఇచ్చి పెచ్చు తీశారు. లోపల శనగగింజంత గట్టి పసుపు ముద్ద ఉంది. గాజు పెంకు కానీ, ముల్లు కానీ లేదు. తాతయ్యగారు చెప్పింది నిజమే. రెండు వారాలు కట్టు మార్చాను. మొదటి రోజు నా చేతులు వణికాయి. నాలుగో రోజుకి చుక్కమ్మే కాలు చాపి ఇచ్చింది. ఇప్పుడు అరికాలిలో కొత్త గులాబీ రంగు తోలు వచ్చింది. నిన్న నూకలకు పరుగెత్తింది.

రెండో వనరాజా కుడి కాలికి కూడా గోధుమ రంగు మచ్చ మొదలైంది. ఇంకా వాపు రాలేదు కాబట్టి డాక్టరుగారు నానబెట్టడం, కట్టు కట్టడం చాలన్నారు. తాతయ్యగారు అడగకపోతే దాన్ని నేను చూసేదాన్నే కాదు.

అయస్కాంతానికి ఒక్క ఆదివారం అరడబ్బా మేకులు అంటుకున్నాయి. పిట్టగోడ మీద పాత తలుపు అడ్డంగా పెట్టించాం. మొదటి మూడు రాత్రులు చుక్కమ్మ ఆ తలుపు ముందు నిలబడి అరిచింది. తొమ్మిదో రాత్రి నేను వెళ్ళేసరికి కర్ర మీద తనే కూర్చుని ఉంది. నాటు పెట్టలు రెండూ ఇప్పుడు జామచెట్టు ఎక్కుతున్నాయి. దాని కింద మాత్రం గచ్చు లేదు, మెత్తటి మట్టే.