అరకు కొండకి ఇద్దరమే వెళ్తున్నాం: కారా, రైలా? ఘాట్‌లో స్టీరింగ్ ఎవరిది?

దాసన్నపేట కోడలు

అందరికీ నమస్తే. మాది విజయనగరం. కార్తీక మాసం పిక్నిక్‌ల హడావుడి తగ్గాక నేనూ మా ఆయనా కొండ మీద చెక్క కాటేజీలో రెండు రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాం. పిల్లల్ని అమ్మ దగ్గర ఉంచుతాం. పెళ్లయ్యాక మేమిద్దరమే ఎక్కడికీ వెళ్లింది లేదు.

ఇంట్లో పేచీ ప్రయాణం దగ్గరే వచ్చింది. మామగారు రైలంటున్నారు. అత్తయ్యగారు కారుకి ఒప్పుకున్నారు గానీ డ్రైవర్‌ని పెట్టుకోమంటున్నారు. ఎందుకంటే మా ఇంట్లో కారు బాగా నడిపేది నేను. ఆయనకి లైసెన్సు ఉంది, చేతికి అలవాటు లేదు. ఆఫీసు పని మీద నేను వైజాగ్, శ్రీకాకుళం హైవే మీద నడుపుతూనే ఉంటాను, దానికెవరూ ఏమీ అనరు. ఘాట్ అనేసరికి "ఆడపిల్ల నడిపే దారి కాదమ్మా" అన్నారు.

నా ఉద్దేశం ఇది. గంట్యాడ, తాటిపూడి మీదుగా బౌడారా చేరి అక్కడి నుంచి కొండెక్కితే ఇంటి నుంచి అరకు వంద కిలోమీటర్ల లోపే. తాటిపూడి జలాశయం గట్టు మీద కాసేపు నిలబడాలి. అనంతగిరి దాటాక కాఫీ తోటల్లో ఆగాలి. నచ్చిన చోట ఆగే వీలు లేకపోతే ఆ దారిలో వెళ్లి లాభమేంటి? ముందు సీట్లో పరాయి మనిషి ఉంటే రెండ్రోజులూ మేం మాట్లాడుకునేది భోజనం గురించే అవుతుంది. కారులో వెళ్లాలి, నేనే నడపాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాలకొండ మాస్టారు

అమ్మా, మీ మామగారి పక్షాన నేను మాట్లాడతాను. మీరు ఆడవాళ్లని కాదు, ఆ దారి గుణం అలాంటిదని. నడిపే మనిషి లోయ చూడకూడదు, రోడ్డే చూడాలి. అంటే మీ ఇద్దరిలో ఒకరు ఆ అందాన్ని చూడకుండానే కొండెక్కుతారు. కిరండోల్ రైలైతే ఇద్దరూ ఒకే కిటికీలోంచి చూస్తారు. మీరు విశాఖ దాకా పోనక్కర్లేదు, శృంగవరపుకోటలో ఎక్కొచ్చు. మధ్యాహ్నం లోపే అరకులో దిగుతారు. 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ కూడా ఉంది.

ఆ లైను సంగతి కూడా తెలుసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. సొరంగంలోంచి బయటపడగానే ఎదురుగా లోయ కనపడుతుంది చూడండి, అది కారులో దొరకదు.

ఎస్.కోట సెంటర్

మాస్టారూ, విస్టాడోమ్ టికెట్ శీతాకాలంలో దొరకాలి కదండీ. అదీగాక అరకు స్టేషన్‌లో దిగాక కాటేజీకి ఆటో, బొర్రాకి జీపు, ప్రతిచోటా బేరమే. వానలెక్కువైనప్పుడు కొండచరియలు పడి రైళ్లు ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. రైలు బాగుంటుంది, కాదనను. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి ఇంకా బాగుంటుంది.

గజపతినగరం డ్రైవర్

మేడమ్, నేను టాక్సీ నడుపుతాను. అరకు ఘాట్, సాలూరు పైన సుంకి ఘాట్ రెండూ అలవాటే. డ్రైవర్‌ని పెట్టుకోమని చెప్తే నాకే లాభం, అయినా ఉన్నమాట చెప్తాను. హైవే మీద నిదానంగా నడిపే మనిషి ఘాట్‌లోనూ నడపగలరు. మగా ఆడా తేడా లేదు. ప్రమాదం చేసేది తొందర.

ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే జాగ్రత్త పడాలి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. సెకండ్‌లో ఎక్కిన మలుపు సెకండ్‌లోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చేయొద్దు. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే లైనర్లు వేడెక్కి కాలిన రబ్బరు లాంటి వాసనొస్తుంది. ఆ వాసన తగిలితే వెడల్పున్న చోట పక్కకు తీసి బండిని చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు. బ్రేకు పట్టు సడలిందని కాలికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కొండదారిలో ఎక్కే బండికే ముందు దారివ్వాలి. మీరు దిగుతుంటే మీరే ఆగండి. మలుపుకి ముందు హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ వద్దు. ఆర్టీసీ బస్సు ఎదురొస్తే దాని వెనక భాగం మలుపు తిరిగేదాకా కదలకండి. పొగమంచు పడితే హై బీమ్ వేయొద్దు, వెలుతురు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. డిప్‌లో పెట్టుకోండి. అద్దం లోపలి వైపు మసక కమ్మితే గుడ్డతో తుడుస్తూ నడపకండి, ఏసీ గాలి అద్దం మీదకి తిప్పండి, పోతుంది.

చీకటి పడ్డాక ఎక్కొద్దు. ఇదొక్కటీ నా మాటగా మీ అత్తగారికి మాటివ్వండి.

చీపురుపల్లి

ఇంత జాగ్రత్తగా పోవాల్సిన ప్రయాణం విహారం ఎలా అవుతుందండీ? సుంకి మీదుగా కొరాపుట్ వైపు పోండి, దేవమాలి శిఖరం 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైనది. అరకులో ఆదివారం జనమే కనపడతారు.

గజపతినగరం డ్రైవర్

దేవమాలి బాగుంటుంది సార్, కాదనను. సుంకి ఘాట్‌లో రాయపూర్ వైపు లోడ్ లారీలు వరసగా ఎక్కుతుంటాయి. మొదటిసారి ఘాట్ నడిపేవాళ్లకి అరకు దారే నయం.

అనంతగిరి కొండదొర

అందరూ ఎలా వెళ్లాలో మాట్లాడుతున్నారు, నేను ఎక్కడ ఉండాలో అడుగుతాను. మాది అనంతగిరి మండలం. అక్కా, "చెక్క కాటేజీ" అన్నారు. అది ఎవరిదో కనుక్కున్నారా?

మాది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టిపరిచారు, అదే 1/70. దాని ప్రకారం ఇక్కడ గిరిజనేతరుడు భూమి కొనకూడదు, లీజుకీ తీసుకోకూడదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మా బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద వేసిన కేసులోనే వచ్చింది. అయినా ఇక్కడ పేరు గిరిజనుడిది, పెట్టుబడి కొండ కిందవాళ్లది అన్నట్టు నడిచే బసలున్నాయి. భూమి మాది, మేం అక్కడ గదులు ఊడుస్తాం, లాభం కొండ దిగిపోతుంది. ఫోటోల్లో అదేమీ కనపడదు.

చెక్క గుడిసెలే కావాలంటే పర్యాటక సంస్థవి టైడాలో ఉన్నాయి, అడవి మధ్యలో. లేదా మావాళ్లే నడిపే ఇళ్లలో ఉండండి. గది చిన్నదైనా వంట మా ఇంటిది.

ఎస్.కోట సెంటర్

తమ్ముడూ, నీ బాధలో న్యాయం ఉంది. కానీ రెండ్రోజులు సరదాగా పోయేవాళ్లు భూమి పాస్‌బుక్ చూపించమని అడుగుతారా? దాన్ని ఆపాల్సింది అధికారులు.

అనంతగిరి కొండదొర

అధికారులు ఆపాలి, నిజమే. అవతల డబ్బిచ్చేది మీరు కదన్నా. పాస్‌బుక్ అడగక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు "ఓనర్ ఏ ఊరు, ఏ పంచాయతీ" అని ఫోన్‌లో అడిగితే చాలు. మా ఊరివాడైతే వెంటనే చెప్తాడు, మేనేజరైతే నసుగుతాడు. కాఫీ కూడా అంతే. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, అదే చెట్టుకి మిరియాల తీగ, ఇలా పెంచేది మా కుటుంబాలే. మీరొచ్చే రోజులకి పండు ఎర్రబడి కోత నడుస్తుంటుంది. తోటలో పనిచేసేవాళ్లని అడిగి లోపలికి రండి, కొమ్మ విరిచి ఫోటో దిగకండి. ఒక్క పండు చిదిమి నోట్లో వేసుకోండి, గింజ చుట్టూ ఉన్న జిగురు తియ్యగా ఉంటుంది. కాఫీ వాసన రాదు, అది వేయించాకే.

పాలకొండ మాస్టారు

ఈ అబ్బాయి చెప్పింది నా రైలు వాదన కన్నా పెద్ద విషయం. మా సీతంపేట కొండల్లో సవర, జాతాపు గిరిజనులకీ రేపు ఇదే సమస్య. ఆడలి వ్యూ పాయింట్ చూడ్డానికి జనం పెరుగుతున్నారు, వెనకే బేరగాళ్లూ వస్తారు.

దాసన్నపేట కోడలు

అందరికీ ధన్యవాదాలు. డ్రైవర్ గారూ, మీ పోస్టు అత్తయ్యగారికి చదివి వినిపించాను. న్యూట్రల్ మాట దగ్గర ఆవిడ ఆపి, "నువ్వెలా దిగుతావు?" అని అడిగారు. చెప్పాను. అభ్యంతరం పూర్తిగా పోలేదు గానీ, అది ఆడపిల్ల దగ్గర నుంచి బ్రేకుల దగ్గరికి వచ్చింది. బ్రేకులైతే మెకానిక్ చూస్తాడు. శుక్రవారం పొద్దున తెల్లవారాకే బయల్దేరతాం.

మాస్టారూ, నడిపే మనిషి లోయ చూడదన్నారు. అందుకే ఆగుతాను. గాలికొండ దగ్గర ఆగినప్పుడు ఇద్దరం కలిసే చూస్తాం. కదిలే కిటికీలో చూసిన దానికన్నా అదే నాకు ఎక్కువ. తాటిపూడి దాకా ఆయన నడుపుతారు, అది చదును దారి.

తమ్ముడూ, మేం చూసిపెట్టుకున్న కాటేజీకి ఫోన్ చేసి నువ్వన్నట్టే అడిగాను. రెండుసార్లు మాట మార్చారు. అడ్వాన్సు ఇవ్వలేదు. టైడాలో శుక్రవారం రాత్రికి అడుగుతున్నాం. శనివారానికి మీవాళ్ల ఇల్లేదైనా ఉంటే మెసేజ్ పెట్టు, ఎంతని నువ్వే చెప్పు, బేరం ఆడం.

పాలకొండ మాస్టారు

నేనింకా రైలే అంటాను. మీరెలాగూ నిర్ణయించుకున్నారు కాబట్టి ఒక్క మాట వినండి. ఆదివారం సాయంత్రం దిగకండి, బొర్రా మలుపు దగ్గర బండ్లు ఇరుక్కుంటాయి, చీకటి పడిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనం ముందే బయల్దేరండి, లేదా సోమవారానికి సెలవు పెట్టండి. దిగేటప్పుడు చెక్‌పోస్టులో డిక్కీ తీయమంటారు. అది అందరినీ అడిగేదే, కంగారు పడక్కర్లేదు.