సింకు కింద వేస్ట్ పైపు మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
అందరికీ నమస్తే. వంటింట్లో స్టీలు సింకు కింద మడతల ప్లాస్టిక్ పైపు ఉంటాది కదా, అది ఒక మడత దగ్గర చీలిపోయింది, గిన్నెలు తోమినప్పుడల్లా నీళ్ళు కబోర్డులోకి కారిపోయి చెక్క ఉబ్బిపోతోంది. ప్లంబర్‌ని పిలిస్తే రేపు మాపు అంటన్నాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపులో అడిగితే ఏ సైజు కావాలమ్మా అన్నారు, నాకేం తెలుసు. టెఫ్లాన్ టేపు, ఎంసీల్ కూడా కొనాలా?

జవాబు 1 (విజయనగరం, ప్లంబింగ్ పనే చేస్తాను):
మీరే మార్చుకోవచ్చమ్మా. కిచెన్ సింకుకి మామూలుగా ఒకటిన్నర ఇంచీ అంటే 40 ఎంఎం, వాష్ బేసిన్‌కి ఒకటింపావు అంటే 32 ఎంఎం ఉంటాది, కానీ అంచనాకి కొనొద్దు, పాతది నట్టుతో సహా విప్పి షాపుకి పట్టుకెళ్ళండి. విప్పేముందు కింద బకెట్టు పెట్టండి, పైపు వంపులో నీళ్ళుంటాయి. టేపూ వద్దు ఎంసీలూ వద్దు, అక్కడ నీళ్ళు ఆపేది నట్టు లోపలి రబ్బరు వాషరే, ఎంసీల్ పెడితే మళ్ళీ విప్పాల్సొచ్చినప్పుడు పగలగొట్టుకోవాలి. నట్టు తిప్పేటప్పుడు రెండో చేత్తో పైన కప్లింగ్ (సింకు కన్నానికి బిగించిన ముక్క, పైపు నట్టు దానికే ఎక్కుతాది) గట్టిగా పట్టుకోండి, లేపోతే అదీ తిరిగిపోయి సింకు దగ్గర కొత్త లీకు మొదలవుతాది. చేత్తో బిగిస్తే చాలు, పానా పెడితే ప్లాస్టిక్ నట్టు పగుల్తాది.

జవాబు 2 (బొబ్బిలి):
పైపుని తిన్నగా కిందకి దించెయ్యకండి అక్కా, వంపు ఉంచి తాడుతో కట్టండి. ఆ వంపులో నిలిచిన నీళ్ళే కాలవ వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపుతాయి. నేల పైపులో దూరేచోట సందు మిగిలితే రబ్బరు రింగు వెయ్యండి.

జవాబు 3 (శ్రీకాకుళం):
గంజి మరుగుతుండగా సింకులో వార్చకమ్మా. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడిపోతాది, పైగా గంజి మడతల్లో పేరుకుని జిగురై పోతాది, మీద చేప పొలుసులు పడ్డాయంటే ఇంక నీళ్ళు కదలవు. మా ఇంట్లో గంజి చల్లారాకే పోస్తాం, లేపోతే ఆవుకి పెడతాం.

ప్రశ్న అడిగినామె:
అందరికీ థాంక్స్. పాతది విప్పీసాను, కానీ నట్టులో వాషర్ లేదు, ఎక్కడైనా పడిపోయిందంటారా?

జవాబు 1:
పైన కప్లింగ్ అంచుకే అతుక్కుని ఉంటాది చూడండి, నల్లగా చదునైపోయి అందులో కలిసిపోయినట్టు కనిపిస్తాది. గోరుతో తీసీసి అంచు గుడ్డతో తుడవండి, కొత్త పైపుతో కొత్త వాషర్ వస్తాది, పాతదాని మీద అది కూర్చోదు. బిగించాక సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదలండి, సన్నటి ధారకి లీకు తెలీదు. కింద పేపరు పరిచి ఉంచండి, ఒక్క చుక్క పడినా మరక కనిపిస్తాది.