ఒక్క చేతి తుపాకీయే కొనాలంటే ముందు ఏం చూసుకోవాలి?

పర్లాకిమిడి పిక్కల వ్యాపారి:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. సీజన్లో మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి వేస్తుంటాను. కొండ మీద చాలాచోట్ల సిగ్నలే సరిగ్గా ఉండదు, రైతు చేతిలో నోట్లు పడితేనే పిక్కలు కాటా మీదికి వస్తాయి, అందుకని ఏప్రిల్, మే నెలల్లో డబ్బు సంచితో ఘాటీ ఎక్కడం నాకు తప్పదు. రెండేళ్ల కింద ఒక రాత్రి నేనే బండి నడుపుకుంటూ వస్తుంటే, దారిలో బైక్ అడ్డం పెట్టి, కత్తి చూపించి ఉన్నదంతా పట్టుకుపోయారు. ప్రాణం మిగిలింది. ఆ తర్వాత పెట్టుకున్న లైసెన్స్ మొన్న చేతికొచ్చింది, చేతి తుపాకీకి, పాయింట్ 32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు).

కొనేది ఒక్కటే. రెండోది కొనే డబ్బు లేదు, ఇంట్లో ఆవిడ ఈ ఒక్కదానికే మూడు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు బుర్ర తిరిగిపోతోంది. మా బావ పవర్ చూసుకో అంటాడు, షాపతను కొత్త మోడల్ అంటాడు, స్నేహితుడొకడు వీడియోలు చూసి నైన్ ఎంఎం తప్ప ఏదీ పనికిరాదంటాడు. రివాల్వరా పిస్టలా, బరువా, ఎన్ని రౌండ్లా (తూటాలా), ధరా... వీటిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఏది? నేను ఇంతవరకు బొమ్మ తుపాకీ తప్ప ఏదీ పట్టుకోలేదు, అది గుర్తుపెట్టుకుని చెప్పండి.

బరంపురం మాజీ హవల్దార్:

బాబూ, ముందు మీ స్నేహితుణ్ణి ఆ వీడియోలు కట్టేయమనండి. నైన్ ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, పాయింట్ 38 కూడా అంతే, మామూలు పౌరుడికి ఇవ్వరు. మీ లైసెన్స్ పుస్తకంలో 32 అని రాశారు కాబట్టి పవర్ గురించిన చర్చ అక్కడితో అయిపోయింది, సంతోషం, ఒక తలనొప్పి తగ్గింది.

ఇక 32 అనగానే అంతా ఒకటే అనుకోకండి. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, పిస్టల్‌లో పిడి లోపల మ్యాగజైన్ అనే డబ్బాలో ఉంటాయి. రివాల్వర్‌లో వేసే 32 తూటా వేరు, అది పొడుగ్గా ఉంటుంది, ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అంటారు. పిస్టల్ 32 తూటా పొట్టిది, ఏసీపీ. ఒకదానిది ఇంకోదాంట్లో వాడకూడదు. మొదటిసారి కొనేవాళ్లు తప్పు డబ్బా తెచ్చుకోవడం నేను చూశాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఇరవై రెండేళ్లు ఆయుధాలతో బతికినవాడిగా నా మాట ఏమిటంటే, ట్రిగ్గర్ లాగినప్పుడు పేలాలి, లాగనప్పుడు పేలకూడదు. మిగతావన్నీ ఆ తర్వాతే. కొత్తవాళ్లకి నేను రివాల్వరే చెబుతాను. తూటా పేలలేదనుకోండి, మళ్లీ ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి పక్క తూటా వస్తుంది. పిస్టల్‌లో అయితే మ్యాగజైన్ కింద చరిచి, స్లైడ్ (తుపాకీ పైన జారే భాగం) వెనక్కి లాగి వదలాలి, రెండు చేతులూ కావాలి, గుండె దడదడ కొట్టుకుంటున్నప్పుడు అది చేతికి రావాలంటే వందలసార్లు చేసి ఉండాలి. రేంజ్‌లో, అంటే ప్రాక్టీస్ చేసే చోట మాత్రం తూటా పేలకపోతే వెంటనే మళ్లీ లాగొద్దు, గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి.

ఒకటి అడుగుతాను. షాపులో ఖాళీ రివాల్వర్ తీసుకుని, ఖాళీ అని మీరూ అతనూ ఇద్దరూ చూసుకున్నాక, గుర్రం (తూటాని కొట్టే వెనక సుత్తి) ఎక్కించకుండా ట్రిగ్గర్ వరసగా పదిసార్లు లాగి చూశారా?

సిరొంచ రోడ్డు కాంట్రాక్టర్:

హవల్దార్ గారంటే గౌరవమే, కానీ నాది వేరే లెక్క. ఒంటి మీద లేని తుపాకీ ఎంత నమ్మకమైనదైతే ఏం లాభం? మాది గడ్చిరోలి జిల్లా, మే నెలలో మా ఎండ మీకు తెలుసో లేదో. 700 గ్రాముల రివాల్వర్ నడుముకి కట్టుకుని జీపులో రోజంతా తిరిగి చూడండి, మూడో రోజుకి అది డ్యాష్‌బోర్డు డబ్బాలోకి పోతుంది, అక్కడ పెట్టాక అది మీది కాదు, బండి అద్దం పగలగొట్టినవాడిది. అందుకే బరువు, సైజు ముందు చూడమంటాను. 2014లో కాన్పూర్‌లో తయారైన నిర్భీక్ రివాల్వర్ 500 గ్రాములే, టైటానియం మిశ్రమం, అప్పట్లోనే ధర లక్షా ఇరవై వేలు దాటింది.

ఇంకోటి, పాత విదేశీ సరుకు జోలికి పోకండి. మామూలు జనం బయటి నుంచి తుపాకులు తెప్పించుకోవడం 1980ల్లోనే ఆగిపోయింది, అందుకే అప్పటి సరుకు ఇప్పుడు చేతులు మారుతూ లక్షలు పలుకుతుంది. మా మేనమామ అలాంటి పిస్టల్ ఒకటి మోజుపడి కొన్నాడు. చూడ్డానికి నగ. మ్యాగజైన్ స్ప్రింగ్ ముసలిదైపోయి మూడో రౌండ్‌కల్లా ఇరుక్కునేది, కొత్త మ్యాగజైన్ ఎక్కడా దొరకలేదు. చివరికి కొన్నదానికంటే తక్కువకి అమ్మాడు, ఇప్పుడు ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

పర్లాకిమిడి పిక్కల వ్యాపారి:

హవల్దార్ గారూ, మీరు అడిగాక నిన్న వెళ్లి చూశాను. ముందే చెప్పాల్సింది, సిగ్గుపడి రాయలేదు. చిన్నప్పుడు పిక్కల కటింగ్ మిషన్లో పడి నా కుడి చూపుడు వేలు మధ్య కణుపు పూర్తిగా వంగదు. రివాల్వర్ ట్రిగ్గర్ నాలుగుసార్లు లాగేసరికి వేలు వణికింది, గొట్టం ముక్కు ప్రతిసారీ ఎడమకి పోయింది. గుర్రం ఎక్కించి లాగితే మాత్రం తేలిగ్గానే వచ్చింది. షాపతను అలవాటైపోతుంది సార్ అంటున్నాడు.

రాయగడ టీచర్:

అలవాటైపోతుంది అనేది అమ్మేవాడి మాట అన్నయ్య గారూ. వణుకుతున్న వేలు భయంలో ఇంకా వణుకుతుంది. నేను కాలేజీలో ఎన్‌సీసీ నుంచి మొదలుపెట్టి కొన్నేళ్లు పిస్టల్ షూటింగ్ చేశాను, పోటీలకి, ఆత్మరక్షణకి కాదు, అయినా చెయ్యి చెయ్యే కదా. గురి తప్పడంలో కళ్ల తప్పు తక్కువ, ట్రిగ్గర్ లాగే వేలి తప్పే ఎక్కువ. మీ గొట్టం ఎడమకి పోయిందంటే వేలు తిన్నగా వెనక్కి రాక తుపాకీని పక్కకి నెడుతోందని అర్థం. కాబట్టి మీ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ట్రిగ్గర్ మీ వేలికి కుదురుతుందా లేదా అనేదే. కుడి చేత్తో అయితే, రివాల్వర్ మంచిదా పిస్టల్ మంచిదా అనే గొడవ మీ వేలు ఎప్పుడో తేల్చేసింది.

కాంట్రాక్టర్ గారు చెప్పిన తేలిక బరువు గురించి కూడా ఒక మాట. అదే తూటా తేలిక తుపాకీలో ఎక్కువ తంతుంది. మోయడం సుఖం, కాల్చడం కష్టం. రెండు డబ్బాల తూటాలు కాల్చగానే చెయ్యి నొప్పెట్టి పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు, ఆ తర్వాత ప్రాక్టీస్ ఉండదు, ప్రాక్టీస్ లేని మనిషి దగ్గర తుపాకీ అంటే నాకైతే దొంగ కంటే ఎక్కువ టెన్షన్. మీ బండిలో పక్కన ఎవరైనా ఉంటే, వాళ్లనీ గుర్తుపెట్టుకోండి.

పిస్టల్ చూస్తే ఒక జాగ్రత్త. ట్రిగ్గర్ తేలికే, కానీ ఈ చిన్న 32 పిస్టళ్లలో స్లైడ్ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, లాగడానికి ఎడమ చేతి పట్టు బాగుండాలి. అదీ పదిసార్లు చేసి చూడండి, చేతికి కొంచెం నూనె రాసుకుని కూడా (నవ్వకండి, ఏప్రిల్‌లో చెమట అలాగే ఉంటుంది). ఇంకోటి, ఎడమ చేత్తో రివాల్వర్ ట్రిగ్గర్ లాగి చూశారా? కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎడమ చేత్తో మొదలుపెట్టడం అనుకున్నంత కష్టం కాదు.

గుణుపురం వకీలు:

అందరూ తుపాకీ గురించే మాట్లాడుతున్నారు, నేను లైసెన్స్ పుస్తకం గురించి అడుగుతాను. పిక్కలు కొనేది మోహనలో, వేసేది పలాసలో. అంటే మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో అడుగుపెట్టగానే మీరు ఆంధ్రాలో ఉన్నారు. మీ లైసెన్స్‌లో ఏరియా వ్యాలిడిటీ (ఏ ప్రాంతంలో చెల్లుతుందో) అని ఒక కాలమ్ ఉంటుంది, అందులో ఏం రాశారు? ఒడిశా అని మాత్రమే ఉంటే వంతెన అవతల మీ నడుముకి ఉన్నది లైసెన్స్ తుపాకీ కిందికి రాదు, పట్టుబడితే కేసు. మనకి ఆ ఊరూ ఈ ఊరూ ఒకటే, పొద్దున్న ఇక్కడ టీ తాగి అక్కడ ఇడ్లీ తింటాం, చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం. డబ్బు కట్టేముందు కలెక్టర్ ఆఫీసులో ఏరియా పెంచమని దరఖాస్తు పెట్టుకోండి.

ఎన్నికలొస్తే తుపాకీని పోలీస్ స్టేషన్లో జమ చేయమంటారు, అదీ లెక్కలో పెట్టుకోండి. 2024లో రెండు రాష్ట్రాలకీ ఎన్నికలు సరిగ్గా మీ పిక్కల సీజన్లోనే వచ్చాయి. అంటే మీకు అవసరమైన నెలల్లోనే అది స్టేషన్ బీరువాలో ఉండే వీలుంది, దీని కోసమైనా ఇంకో ఏర్పాటు ఉండాలి.

కాల్చడం గురించి చట్టం ఏమంటుందో అడగలేదు గానీ చెబుతాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆత్మరక్షణ హక్కు దాంట్లో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. మీ మీద కత్తి లేచి ఉన్నప్పుడు ఒక లెక్క. వాళ్లు సంచి తీసుకుని బైకెక్కి పోతుంటే వీపు మీద కాలిస్తే పూర్తిగా వేరే లెక్క, అప్పుడు బోనులో నిలబడేది మీరే. పోయిన డబ్బు కోసం కాదు, ప్రాణం కోసం అనుకుని కొనండి. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చే సరదా ఉన్న చుట్టాలుంటే చేతికి ఇవ్వకండి, 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది, లక్ష దాకా జరిమానా కూడా పడొచ్చు.

కాశీనగర్ రైతు:

మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. ఆ రాత్రి మీ దగ్గర తుపాకీ ఉంటే ఏం చేసేవారు? బైక్ అడ్డం పడింది, మీ చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, వాళ్లు ముందే కత్తి తీశారు. తీసేలోపు అయిపోతుంది. రాత్రి ప్రయాణం మానేసి, ఊరికి ముందురోజు కబురు పెట్టి రైతుల్ని కింద సంతకి రమ్మంటే సగం ప్రమాదం తగ్గుతుంది, కిలోకి రూపాయి ఎక్కువిస్తే దిగొస్తారు. మేం దిగొస్తాం కాబట్టే చెబుతున్నా.

సిరొంచ రోడ్డు కాంట్రాక్టర్:

రైతు గారి మాట కొట్టిపారేయలేను. మా వైపు ఇంట్లో తుపాకీ ఉందని ఊరికి తెలిస్తే అదే ప్రమాదం అనే రోజులు చూశాం. కొన్నా కూడా కొన్నట్టు ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా ఆ బావకి.

పర్లాకిమిడి పిక్కల వ్యాపారి:

ఇన్ని చెబుతారనుకోలేదు. వకీలు గారూ, పుస్తకం తీసి చూశాను, ఒడిశా అనే ఉంది. ఇన్ని నెలలు తిరిగి తెచ్చుకున్నానే గానీ ఆ కాలమ్ చదవలేదు. సోమవారం కలెక్టర్ ఆఫీసుకి పోతున్నా.

రైతు గారూ, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నిజంగా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఈ సీజన్ నుంచి చీకటి పడ్డాక ఘాటీ ఎక్కను, అది మాత్రం ఖాయం. సంత సంగతి కూడా ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడతాను.

టీచరమ్మా, ఎడమ చేత్తో మళ్లీ వెళ్లి లాగి చూశాను. పదికి పది సార్లు తిన్నగా వచ్చింది! షాపతనే ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు ఎడమ చేత్తో రివాల్వరా, కుడి చేత్తో పిస్టలా అని కొత్త ప్రశ్న పట్టుకుంది. 2023లో వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్ చూపించాడు, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. పాత మోడల్ అయితే మధ్యలో విరిచినట్టు ముందుకి వంచి తెరవాలి. ఏది తేలికో ఖాళీగా పట్టుకుంటే నాకు తెలియలేదు.

బరంపురం మాజీ హవల్దార్:

ఎడమ చెయ్యి అనేది నాకు తట్టలేదు, టీచరమ్మకి సెల్యూట్. నేను రివాల్వర్ అన్న మాట మీదే ఉన్నాను, కానీ ఆ చేత్తో. పక్కకి తెరిచే సిలిండర్ కుడిచేతి వాళ్ల కోసం ఎడమ వైపుకి తెరుచుకుంటుంది, ఎడమచేతి వాళ్లు తూటాలు నింపడానికి చెయ్యి మార్చాలి. ముందుకి వంచే పాత మోడల్‌కి ఆ ఇబ్బంది తక్కువ, గొళ్లెం ఒక్కటి బొటనవేలికి అందుతుందో లేదో చూసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టించుకుని, కళ్లు మూసుకుని తెరిచి మూయండి.

కొన్నాక, తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచకండి. మన సముద్రపు గాలికి తోలు తేమ పీలుస్తుంది, ఒక వానాకాలం చాలు తుప్పుకి. గొట్టానికి నూనె పల్చగా తుడవండి, తూటాలకి మాత్రం చుక్క కూడా అంటనివ్వొద్దు, నూనె లోపలికి దిగితే పేలవు. తూటాలు వేరే తాళంలో పెట్టండి, ఇంట్లో పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు.

పర్లాకిమిడి పిక్కల వ్యాపారి:

ఇద్దరున్నారు. రెండు తాళాలు, రెండు బీరువాలు కాదు గానీ ఒక ఇనప పెట్టె గోడకి బిగించమని ఆవిడ కూడా అంది. మాట్లాడుతోంది ఇప్పుడు.