ఒకటో తరగతి పిల్లలతో మట్టిబొమ్మలు: ఏ మట్టి వాడాలి?

గుంటూరు దగ్గర ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి, తలా ఒక బొమ్మ కాకుండా అందరూ కలిసి ఒక ఊరు, చెరువు, పశువులు, ఇలా చేయించాలనుంది. మా చుట్టూ అంతా నల్లరేగడే, అది పనికొస్తుందా? ఆరాక కాళ్లూ తోకలూ ఊడిపోతే పిల్లలు ఏడుస్తారేమోనని టెన్షన్.

జవాబు 1:
నల్లరేగడి వద్దండీ. ఎండితే బాగా కుంచించుకుపోతుంది, వేసవిలో పొలాల్లో నెర్రెలు చూస్తుంటారుగా. కుమ్మరుల దగ్గర చెరువు బంకమట్టి అడగండి, రాళ్లూ వేర్లూ ఏరేసి, కాస్త సన్న ఇసుక కలిపి బాగా పిసికితే పగుళ్లు తగ్గుతాయి. మిగిలిన మట్టిని తడిగుడ్డలో చుట్టి కవర్లో పెట్టండి.

జవాబు 2 (విజయవాడ నుంచి):
ఊడేది అతికించే దగ్గరే మేడమ్. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో చిక్కగా కలిపిన మట్టి పూసి గట్టిగా నొక్కించండి, ఉత్త తడి చేస్తే నిలవదు. కాళ్లు పొట్టిగా, లావుగా ఉండనివ్వండి. ఎండలో అస్సలు పెట్టొద్దు, మన ఎండకి పైపొర ముందే ఆరిపోయి చీలుతుంది, నీడలో నిదానంగా ఆరాలి.

జవాబు 3:
ఒక పేరెంట్‌గా నా మాట: దయచేసి బొమ్మల్ని పెద్దవాళ్లు సరిదిద్దొద్దు. ఆవు పెద్దదా, ఇల్లు పెద్దదా అని వాళ్లే వాదించుకుని తేల్చుకోవాలి, కలిసి చేయించడంలో అసలు లాభం అదే. వీలైతే అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ ఒకే సున్నపురాయి పలకలో మనుషులూ, ఏనుగులూ, చెట్లూ ఎలా కలిసి ఒదిగాయో చూస్తే పిల్లలకి బోలెడు ఆలోచనలొస్తాయి.