శిరస్సరజ్ఝరీనా, శిరస్స్రవజ్ఝరీనా?

తుంగభద్ర: ఆర్కిటిక్ సముద్రపు మంచు మీద వేసవిలో ఏర్పడే నీటి మడుగుల గురించి పిల్లల పత్రికకు రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ పెద్దన గారి మనుచరిత్రలోని హిమాలయ వర్ణనే నోట్లో ఆడుతోంది. ‘అటజని కాంచె’ పద్యంలో ‘అంబరచుంబి’ తర్వాత ‘శిరస్సరజ్ఝరీ’ అనా, ‘శిరస్స్రవజ్ఝరీ’ అనా? మా నాన్నగారు రెండోది చదివేవారు.

పాతప్రతి: ‘సర’. నేను బళ్లో కంఠతా పట్టింది అదే.

చంపకమాలి: గణాలతో తేలదు. సరజ్, స్రవజ్ రెండూ లఘువు, గురువు. అర్థం చూడండి. సరత్ అంటే పారే, స్రవత్ అంటే కారే; ఝరి అంటే సెలయేరు. ‘ముహుర్ముహుర్లుఠత్’, అంటే మళ్లీ మళ్లీ దొర్లే అన్నాక తరంగాలు మృదంగంలా మోగాలి. కారే నీటికి ఆ మోత ఎక్కడిది? పారాలి. కాబట్టి సరత్.

కొండవీడు: స్రవత్ అంటే కారడమేనా? స్రవంతి అదే ధాతువు కదండీ! సరిత్తు అటు, స్రవంతి ఇటు. రెండూ నదులే.

తుంగభద్ర: నా మడుగుల్లో మాత్రం మొదట నీరు పారదు. ఒక్క చలికాలంలో కట్టిన మంచు బల్లపరుపుగా ఉంటుంది, అందుకే జూన్‌లో కరిగిన నీరు వెడల్పుగా పరుచుకుంటుంది. కొత్తగా కురిసిన మంచు కప్పిన చోట ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి పోతుంది. మడుగు పడ్డ చోట వెనక్కి పోయేది సుమారు 20 నుంచి 40 శాతమే. మిగతా వేడితో మడుగు ఇంకా లోతవుతుంది.

పాతప్రతి: తర్వాత అది పగుళ్లలోంచీ, ఉప్పునీరు కారిన సన్నటి రంధ్రాల్లోంచీ కిందికి దిగుతుంది. మంచినీరు తేలిక కాబట్టి మంచు అడుగునే పొరగా నిలుస్తుంది. స్రవత్ అక్కడ బాగా నప్పుతుంది. పెద్దనకు కాదు.

కొండవీడు: పెద్దన అంటే నాకు ఆ మోత కంటే పాదలేపమే గొప్ప, ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చిన కాలిపూత. ప్రవరుడు మురిసిపోయి చూసిన మంచే కరిగి ఆ లేపాన్ని కడిగేసింది. కథంతా ఆ తడికాలి మీదే నడిచింది.

చంపకమాలి: ‘కటక చరత్కరేణు కర కంపిత’ చదివి చూడండి, ఆ కకారాల ముందు లేపం ఎంత!

తుంగభద్ర: వెలుగు సంగతి కూడా రాయాలి. 2011లో అలాస్కాకూ రష్యాకూ ఉత్తరాన ఉన్న చుక్చీ సముద్రంలో మీటరు మందం మంచు కింద వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులు, విపరీతంగా పెరిగి కనిపించాయి. మడుగుల గుండా దిగిన ఎండే వాటికి ఆధారం. మంచు కింద చీకటే అనుకునే రోజులు పోయాయి. అది సరే, నాన్నగారు చదివిన ‘స్రవ’ ఏ ముద్రణలోనైనా ఉందా?

పాతప్రతి: వ్యాఖ్యానం ఉన్న పాత ముద్రణలు రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటిదాకా నేను ‘సర’ అనే చదువుతాను.

కొండవీడు: నేను ‘స్రవ’.