స్టీమ్ డెక్ వేడెక్కుతుంటే విప్పి పేస్ట్ మార్చాల్సిందేనా?

కొర్లగుంట గేమర్
నాది స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) ఎల్‌సీడీ మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఉండేది తిరుపతిలో, మిద్దె మీద రేకుల రూము. ఎండలు ముదిరినప్పటి నుంచి పెద్ద గేమ్ పెట్టిన కాసేపటికే ఫ్యాన్ హోరుమంటోంది, ఫ్రేములు (సెకనుకు మారే బొమ్మలు) పడిపోతున్నాయి, మొన్నయితే ఆడుతుండగానే ఆఫ్ అయిపోయింది. ఇక్కడ ఒక సెల్ రిపేర్ షాపులో అడిగితే విప్పి థర్మల్ పేస్ట్ (చిప్ వేడి పైనున్న లోహానికి అందేలా మధ్యలో పూసేది) మార్చాల్సిందే అన్నారు. మార్పించమంటారా?

చిత్తూరు రిపేర్ బెంచ్
మార్పించు తమ్ముడూ, ఆలోచించకు. డెక్ 2022లో వచ్చింది, నీది మొదటి బ్యాచ్‌ది అయితే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో రోజూ చూస్తున్నదే, పాత పేస్ట్ గీకితే పొడిగా రాలుతుంది, కొత్తది పూశాక తేడా తెలిసిపోతుంది.

అలిపిరి రోడ్
అన్నా, ల్యాప్‌టాప్‌ల సంగతి మీకే బాగా తెలుసు, కాదనను. కానీ ఈ తమ్ముడు రేకుల రూములో ఉంటున్నానని చెప్పాడు, అది వదిలేసి నేరుగా పేస్ట్ దగ్గరికి పోవడం నాకు నచ్చలేదు. 2022 జూలైలో దీన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ వాళ్లే చెప్పారు: చుట్టూ గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే డెక్ బాగా పనిచేస్తుంది, చిప్ 100 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకుంటుంది, 105కి చేరితే ఆపేసుకుంటుంది. మే నెలలో మన తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది, రేకుల కింద ఎంత ఉంటుందో వేరే చెప్పాలా. ఫ్యాన్ ఎంత తిరిగినా లోపలికి లాగేది ఆ వేడి గాలినే కదా, ఎంత ఖరీదైన పేస్ట్ పూసినా ఆ గాలి చల్లబడదు.

తమ్ముడూ, డబ్బులు ఇచ్చే ముందు ఒక పరీక్ష చెయ్యి. కుడి పక్క మూడు చుక్కల బటన్ నొక్కి పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, పైన కనిపించే వివరాలను పూర్తి స్థాయికి పెట్టు, చిప్ వేడి ఎంతో తెరమీదే కనిపిస్తుంది. ఎవరిదైనా ఏసీ రూములో కూర్చుని అదే గేమ్ ఆడు. పై అంచున గాలి బయటికొచ్చే సందు దగ్గర చెయ్యి పెట్టు. చిప్ 95 పైన ఉండి, గాలి జోరుగా వస్తూ కూడా గోరువెచ్చగానే ఉంటే, చిప్ వేడి దాన్ని లాక్కునే లోహపు భాగమైన హీట్‌సింక్‌కి అందడం లేదని అర్థం, అప్పుడు పేస్ట్ మార్చాల్సిందే. ఫ్యాన్ గోల చేస్తున్నా గాలి సన్నగా వస్తుంటే దుమ్ము. గాలి జోరుగా, వేడిగా వస్తుంటే మాత్రం మెషీన్ తన పని తాను చేస్తున్నట్టే, దాని జోలికి పోవద్దు.

కొర్లగుంట గేమర్
ఏసీ రూములో ఇంకా చూడలేదన్నా. నా రూములో అయితే గాలి జోరుగానే వస్తోంది, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

చిత్తూరు రిపేర్ బెంచ్
చెయ్యి కాలేంత వేడిగా వస్తుందంటే చిప్ నుంచి వేడి బయటికొస్తున్నట్టే, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా సెకండ్ హ్యాండ్‌ది, ముందు వాడినవాళ్లు ఏ దుమ్ములో పెట్టారో తెలియదు. అధికారికంగా మన దేశంలో అమ్మని వస్తువు, ఫ్యాన్ పోతే తెప్పించుకోవడానికి నానా తిప్పలు. అందుకే ఒకసారి విప్పి చూడటమే మేలు అంటాను.

యూనివర్సిటీ హాస్టల్
పరుపు మీద పెట్టి ఆడకు బ్రో. గాలి లోపలికి పోయే సందులు వెనక వైపు ఉన్నాయి, దుప్పటి వాటిని మూసేస్తుంది. చార్జింగ్ పెట్టి ఆడటం కూడా మానెయ్. ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుందని ఎవరైనా చెబితే వినకు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

అలిపిరి రోడ్
విప్పి చూడటమే మేలు అనే మాట దగ్గరే నాకు పేచీ. ఈ డెక్ గురించి తెలియని చేతుల్లో పెడితే మొదట పోయేది మెమరీ కార్డు. అది తీయకుండా వెనక కవర్ లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది. వెనకున్న 8 స్క్రూలలో పొడవువి వేరు, పొట్టివి వేరు, పొట్టి స్క్రూ చోట పొడవుది బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. మిగతా పనికంటే ముందు లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, అది చాలామంది వదిలేస్తారు. మీలాంటి చెయ్యి తిరిగినవాళ్లయితే సరే అన్నా, కానీ ఈ తమ్ముడు వెళ్లింది మీ దగ్గరికి కాదు కదా.

ఈ ఎండాకాలానికి నేను చెప్పేది ఇంతే తమ్ముడూ: అదే పర్ఫార్మెన్స్ మెనూలో టీడీపీ లిమిట్ (చిప్ వాడే కరెంటుకు హద్దు) ఆన్ చేసి 15 వాట్ల నుంచి 9కో 10కో దించు, తెర సెకనుకు 40 సార్లే మారేలా 40 హెర్ట్జ్‌కి పెట్టి ఫ్రేములు కూడా 40 దగ్గర ఆపు. కొన్ని పెద్ద గేముల్లో గ్రాఫిక్స్ కూడా తగ్గించాల్సి వస్తుంది, తగ్గించు. రేకులు బాగా కాలే మధ్యాహ్నం పూట పెద్ద గేములు పెట్టకు.

చిత్తూరు రిపేర్ బెంచ్
సరే, ముందు ఏసీ రూములో చూసి రా. అక్కడ కూడా 95 దాటి, గాలి జోరుగా వస్తూ కూడా గోరువెచ్చగానే ఉంటే చిత్తూరు తీసుకురా, నీ ముందే విప్పుతాను. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఏ పరీక్షా వద్దు, అది బ్యాటరీ. చార్జింగ్ పెట్టకుండా ఆపేసి పక్కన పెట్టెయ్.